మన్రో దొర

నేడు రాయలసీమ యని పిలువబడు దేశమునకు ఆ పేరు 1928వ సంవత్సరమున నంద్యాలలో జరిగిన సభలో కలిగినది. అంతకు పూర్వము నూరేండ్లకు పైగా దానిని దత్తమండలము లనుచుండిరి. దత్తమనగా ఈయబడినది. హైదరాబాదు నిజాము తన రాజ్యమున ఈస్టిండియా కుంపిణీ సేనను నిలుపుకొని, దాని వ్యయమును తానే భరించుట కొడంబడి యుండెను. ఏటేటా రొక్కము చెల్లించుటకు బదులుగా, మైసూరు యుద్ధములందు తన వంతునకు వచ్చిన భూములను 1800 అక్టోబరులో కుంపిణీకి వదలివేసెను. బళ్లారి, అనంతపురము, కడప సీమలును, నేటి కర్నూలు జిల్లాలో కొంత భాగమును అట్లు చేతులు మారినవి. కర్నూలు పట్టణము మాత్రము 1839 వరకు నవాబుల క్రిందనే యుండెను. పొలము దున్నుకొను రైతు నెవ్వరును అడుగలేదు. సిపాయిల జీతమునకై సుమారు ఇరువది లక్షల జనము గల దేశము ఒక్క ఒడంబడికతో యజమానిని మార్చుకొనెను. ఆ దేశమునకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో వర్తకుడు. అమెరికాలోని వర్జీనియా సీమతో ఆయనకు వ్యాపారము. ఆ కాలమున గ్లాస్గో వర్తకుల సిరియంతయు వర్జీనియా పొగాకుపై నాధారపడి యుండెను. చిన్ననాడు తట్టు సోకి థామసునకు వినికిడి తగ్గెను. అయినను చదువునందు ఆసక్తి మెండు. డాన్ క్విక్సోటు కథను మూలములోనే చదువవలెనని స్పానిషు భాషను స్వయముగా నేర్చుకొనెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివెను. 1775లో అమెరికా వలసరాజ్యములు ఇంగ్లండుపై తిరుగబడగా వర్తకము నిలిచిపోయెను. వర్జీనియాలో రావలసిన బాకీలు రాలేదు. తండ్రి దివాలా తీసెను. ఇంటి భారము కుమారులపై పడెను. థామస్ మన్రో కుంపిణీ కొలువు సంపాదించుకొని, 1780 జనవరిలో పదాతిదళమున క్యాడెట్టుగా చెన్నపట్టణమున దిగెను. అప్పటి కాయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు.

చిన్న సైనికోద్యోగి జీతము చాలీచాలనిది. పుస్తకమో, తూటాల సంచియో తలగడగా పెట్టుకొని నిదురించు దినములే యెక్కువ. అట్టి స్థితిలోను ఆయన తమ్మునితో కలిసి తల్లిదండ్రులకు ఏటేటా సొమ్ము పంపుచుండెను. తీరిక దొరకినపుడు హిందూస్థానీ, పారసీ భాషలు నేర్చెను. ఈ భాషాజ్ఞానమే తరువాత ఆయన జీవితమును మార్చినది.

హైదరాలీతో జరిగిన యుద్ధమునందు ఆయన కొక సంగతి కంటికి కట్టినట్లు తెలిసెను. ఫిరంగులెన్ని యున్నను, బియ్యమును మోయు ఎద్దులు లేనిచో సేన అడుగు కదలదు. హైదరు గుఱ్ఱపుదళము పల్లెలను తగులబెట్టి, ధాన్యపు దారులను కోసివేయుచుండగా, కుంపిణీ సేన సముద్రతీరమును విడిచి దూరము పోలేకపోయెను. పదేండ్ల తరువాత 1791లో కారన్‌వాలిసు ప్రభువు టిప్పూసుల్తానుపై దండెత్తి శ్రీరంగపట్టణము దాకా పోయెను. అమెరికా యుద్ధమున వర్జీనియాలో ఓడి లొంగిపోయిన సేనాని యీయనయే. కోట యెదుట నిలిచిన వేళకు పశువులు వేలకొలది చచ్చినవి, బియ్యము అడుగంటెను. లాగు ఎద్దులు లేక పెద్దఫిరంగులను తన చేతులతో తానే పగులగొట్టించి కారన్‌వాలిసు వెనుదిరిగెను. త్రోవలో మహారాష్ట్రుల సేన యెదురై తన బజారులోని ధాన్యము నమ్మకున్నచో ఆ సేన గతి యేమగునో చెప్పజాలము.

ఆ సంవత్సరముననే భూగోళమున కావలివైపున ఇటువంటిదే మరియొక కథ నడచినది. అమెరికా స్వతంత్రమయ్యెనే కాని బొక్కసమున ధనము లేదు. పోరాడిన సైనికులకు జీతమునకు బదులు పత్రములును, సరిహద్దు భూములపై హక్కుపత్రములును ఇచ్చిరి. ఆకలికి తాళలేక వారు వాటిని కారుచౌకగా అమ్ముకొనిరి. ధనవంతులు కొని, లక్షల ఎకరములు చేజిక్కించుకొని, ధర పెరుగునని కాచుకొనిరి. అట్టివారిలో విలియం డ్యూయరు అను నాతడు ఒహాయో నదీప్రాంతపు సరిహద్దు సేనకు ఆహారము సరఫరా చేయు గుత్తను గూడ పొందెను. సేనకై చేతికి వచ్చిన సొమ్మును తన జూదపు బేరములకు మళ్లించెను. తిండియు సామగ్రియు సరిగా అందని ఆ సేన 1791 నవంబరులో అక్కడి ఆదిమజాతుల చేతిలో దారుణముగా ఓడిపోయెను. ఆరువందల మందికి పైగా మడిసిరి. మరుసటి యేట డ్యూయరు దివాలా తీసి అప్పులవారి చెరసాలకు పోయి, 1799లో మరణించెను. భూమి బేరమును, సేన తిండియు ఒకే దురాశాపరుని చేతబడినపుడు జరుగునది యిది.

1792లో టిప్పూ వదలుకొన్న బారామహలు సీమను చక్కబెట్టుటకు కారన్‌వాలిసు సివిలు ఉద్యోగులను గాక సైనికులను నియమించెను. దేశభాషలు తెలిసినవారు సివిలు ఉద్యోగులలో అరుదు. కెప్టెన్ రీడు అను నధికారికి ముగ్గురు సహాయకులు; వారిలో మన్రో యొకడు. సేలము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతముల పల్లెపల్లెకు తిరిగి, పొలము పొలమును చూచి, రైతుతోనే నేరుగా పన్ను నిర్ణయించు పద్ధతిని వారచ్చట ప్రారంభించిరి. అదియే తరువాత రైతువారీ యనబడినది. 1799లో టిప్పూతో జరిగిన కడపటి యుద్ధమున రీడు దళము చేసిన పని ధాన్యమును, పశువులను సేకరించి శ్రీరంగపట్టణపు ముట్టడి సేనకు చేర్చుట. ఆ దళమునకు మన్రో కార్యదర్శి. ఏడేండ్లు పన్నులు వసూలుచేసిన సీమనుండియే సేనకు తిండి కూర్చవలసి వచ్చుటచే, ఏ పల్లెలో ఎంత గింజయున్నదో ఆయనకు తెలియును. అటుపిమ్మట ఒక యేడు కన్నడ తీరమున కలెక్టరుగా నుండి, 1800 చివర దత్తమండలములకు వచ్చెను.

ఇరువదియేడు వేల చదరపు మైళ్ల మెట్టసీమ అది. నల్లరేగడి, ఎఱ్ఱనేల, గుట్టలు, ఎండిన చెఱువులు. వాన కురిసిన జొన్న, కొఱ్ఱ, ప్రత్తి, లేకున్న లేదు. ఆ సీమపై సుమారు ఎనుబది మంది పాళెగాండ్రు పెత్తనము చేయుచుండిరి. ఒక్కొక్కరికి ఒక కోట, వందలకొలది బంట్లు. సర్కారునకు కట్టవలసినది ఎగగొట్టి, రైతునుండి కావలి రుసుమని, కానుకలని తాము గుంజుకొనుచుండిరి. మన్రో వారి బంట్లను చెదరగొట్టవలెననియు, పన్ను నిర్ణయించు హక్కు వారికుండరాదనియు పట్టుబట్టెను. జనరల్ క్యాంబెలు సేన కోట వెంట కోట పట్టెను. ఎదిరించినవారు చెరబడిరి, లొంగినవారికి భరణము లేర్పడినవి. రైతునకు కొంత ఊపిరి వచ్చినమాట నిజమే. కాని తరతరముల పాళెములు పోగొట్టుకొన్న యిండ్లలో ఆ గాయము మానలేదు. నొస్సము పాళెగాని దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, భరణపు తగవే కారణముగా 1846లో తిరుగుబాటుచేసి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబ మెక్కుటను ఈ సందర్భమున మరువరాదు.

మన్రో బంగళా కట్టించుకొనలేదు. మొదటి నాలుగేండ్లు డేరాలలోనే గడపెను. నలుగురు సహాయ కలెక్టరులను సీమలకు పంచి, తాను ఊరూరు తిరుగుచుండెను. చెట్టునీడను కచ్చేరి, ఎదుట రెడ్డియు, కరణమును, రైతులును. కరణము లెక్కలో బీడని వ్రాసిన చేను నిజముగా బీడో కాదో ప్రక్క చేని రైతు నడిగి తెలిసికొనుచుండెను. ఇట్టి లెక్కలతో చిరకాలము జరుగదని గ్రహించి, 1802లో భూమి కొలతను ప్రారంభించెను. కొలువ నేర్చినవారు మొదట నలుగురైదుగురు గుమాస్తాలే దొరకిరి. వారే మరికొందరికి నేర్పిరి. ముప్పదిమూడడుగుల గొలుసు కొలసాధనము. ఆ గొలుసు పొడవును, అంత వెడల్పును గల చదరములు నలువది చేరిన ఒక ఎకరము. ముప్పదిమూడును ముప్పదిమూడుచే గుణించి, దానిని నలువదిచే హెచ్చించిన 43,560 చదరపు అడుగులు వచ్చుటను విద్యార్థులు సరిచూచుకొనవచ్చును. కంప చెట్లలో, రాళ్లగుట్టలలో ఆ గొలుసు లాగుచు, ప్రతి చేనికి ఎల్లయు, వైశాల్యమును, నేల తరగతియు వ్రాసికొనుచు 1805 నాటికి కొలత ముగించిరి. పరీక్షకై మరల కొలిచినవారు వేరు. తప్పుడు లెక్క వ్రాసిన గుమాస్తా కొలువు పోగొట్టుకొనెను.

కొలత నడుచుచుండగనే యుద్ధము వచ్చెను. 1803 మార్చిలో ఆర్థరు వెలెస్లీ అను సేనాని తుంగభద్రపై నున్న హరిహరమునుండి పూనాకు బయలుదేరెను. ఇతడే తరువాత వాటర్లూ యుద్ధమున నెపోలియనును గెలిచిన వెల్లింగ్టన్ ప్రభువు. మహారాష్ట్ర దేశమున ఆ యేడు వానలు లేవు. హోల్కరు సేనలును పిండారీలును గ్రామములను దోచి యుండిరి. కనుక వెలెస్లీ సేనకు తిండి వెనుకనుండియే, అనగా మైసూరునుండియు దత్తమండలములనుండియు పోవలసి యుండెను. ధాన్యము కూర్చుట, పెరికెయెద్దులను సేకరించుట, రొక్కము పంపుట మన్రో పాలబడెను.

ఈ పని యెంత చిక్కైనదో కొంత వివరింపవలెను. ఆ దినములలో ఈ సీమలో బండ్లదారులు తక్కువ. ధాన్యము సాగుట పెరికెలలోనే. ఎద్దు వీపుపై ఇరుప్రక్కల వ్రేలాడు గోనె పెరికె. లంబాడీలు వేలకొలది యెద్దులతో, ఆలుబిడ్డలతో బిడారులుగా కదలుచు, తీరమునుండి ఉప్పు తెచ్చి లోపలి సీమలలో అమ్మి, ధాన్యము కొని సేనల బజారులకు చేర్చుచుండిరి. వారు ఎవ్వరికిని నౌకరులు కారు. లాభమున్న వత్తురు, సొమ్ము అందకున్నను, దోపిడి జరిగినను మరునాటికి మాయమగుదురు. అందుచేతనే వెలెస్లీ తన సైనికులలో దోపిడిగాండ్రను కఠినముగా దండించుచుండెను. లంబాడీల యెద్దులు చాలనిచో రైతుల యెద్దులను పట్టుటే మిగిలిన దారి. కాని రేగడి చేను కాడెద్దులు లేనిదే లేవదు. ఎద్దు సేనతోపోయి చచ్చిన, ఆ రైతు మరుసటి యేడు విత్తనము వేయలేడు. సర్కారునకు పన్నును రాదు. సేనకు గింజ లేకున్న యుద్ధము పోవును. రైతునకు ఎద్దు లేకున్న దేశము పోవును. ఈ రెంటి నడుమ మన్రో నడువవలసి వచ్చెను. పైగా 1803-04లో ఈ సీమలోను కరవు తోచెను. ధాన్యపు ధరలు పెరిగినవి. కలెక్టరు రైతులకు తకావి అప్పు లిచ్చి సేద్యము సాగించుట కప్పుడు ముఖ్యమైన యుపాయము. వెలెస్లీ 1803 సెప్టెంబరు 23న అస్సాయి వద్ద సింధియా సేనను గెలిచెను. ఆ గెలుపుయొక్క వివరములన్నియు మన్రోకు దీర్ఘమైన లేఖలో వ్రాసి పంపెను. కత్తి దూయని కలెక్టరు ఒకనికి సేనాని అట్లు వ్రాయుట ఊరక జరుగలేదు.

మన్రో దయామయుడని మాత్రము చెప్పి విడుచుట న్యాయము కాదు. ఆయన వచ్చిననాడు సుమారు పదిలక్షల వరహాలున్న రాబడి ఏడేండ్లలో పదునైదు లక్షలకు పెరిగెను. కొలత ననుసరించి వేసిన పన్ను పంటలో నూటికి సుమారు నలుబదియైదు వంతులు. మెట్టరైతునకు అది మోయలేని బరువు. దానిని ఇతరులకంటె ముందు గుర్తించినవాడును మన్రోయే. 1807లో ఆయన పన్నును నాల్గవ వంతు తగ్గింపుడని, మూడవ వంతునకు మించి సర్కారు తీసికొనరాదని, చేనిపై రైతునకే స్థిరమైన హక్కు నీయవలెనని పైయధికారులకు వ్రాసెను. రైతు తనకు చాలినంత భూమి దున్నుకొని, వద్దనుకొన్న చేనిని వదలుకొను స్వేచ్ఛ కూడ అందులో చేరినది.

పైవారు వినలేదు. అప్పటికే ఉత్తర సర్కారులలోను, సేలము సీమలోను భూములను ముఠాలుగా చీల్చి వేలము వేయుట సాగుచుండెను. ఎక్కువ పాడినవాడు జమీందారు. మన్రో సెలవుపై 1807లో ఇంగ్లండునకు పోగానే, 1808లో దత్తమండలములు బళ్లారి, కడప అను రెండు జిల్లాలైనవి. గ్రామములను మూడేండ్ల గుత్తకు, ఆపై పదేండ్ల గుత్తకు ఇచ్చుట ప్రారంభమయ్యెను. గొలుసుతో కొలిచిన చేలు, నేల తరగతులు కాగితములలోనే నిలిచిపోయినవి. పాటలో పంతముపట్టి యెక్కువకు పాడినవారు, వాన రాని యేట చేతులెత్తివేసిరి. ఆస్తులు జప్తైనవి, గుత్తదారులలో పలువురు చెరసాలకు పోయిరి. వారు పడకముందు రైతును పిండినంత పిండిరి. ఒహాయో తీరమున హక్కుపత్రములు కొన్నవానికిని, కడప సీమలో గ్రామము గుత్తకు పాడినవానికిని ఆశ ఒక్కటే: చూడని నేలనుండి, దున్నకయే లాభము.

ఇంగ్లండులో మన్రో ఏడేండ్లుండెను. పార్లమెంటు సభ భారతదేశ విషయములను విచారించుచు ఆయన సాక్ష్యమును తీసికొనెను. హిందువులు నాగరకత లేనివారను వాదమును ఆయన అచ్చట త్రోసిపుచ్చెను. 1814లో జేన్ క్యాంబెలును వివాహమాడి, న్యాయస్థానముల సంస్కరణకై నియమితుడై తిరిగి వచ్చెను. 1817-18లో మహారాష్ట్రులతో జరిగిన యుద్ధమున ఆయనకు సరియైన సేన నీయలేదు. ధారవాడ ప్రాంతమున స్థానికులైన బంట్లను కూర్చుకొని, పట్టిన పల్లెలలో అప్పటికప్పుడే అమీలుదారులను నియమించి, శత్రువు సీమలోని శిస్తుతోనే ఆ యుద్ధమును నడపెను.

1820 జూనులో మన్రో చెన్నరాజధానికి గవర్నరయ్యెను. పదుమూడేండ్ల క్రిందట తాను వ్రాసి, త్రోసివేయబడిన తగ్గింపును ఇప్పుడు తానే అమలుపరచెను. దత్తమండలములలో పన్ను నూటికి ఇరువదియైదు తగ్గెను. గుత్తల కాలము తీరి, రైతువారీ తిరిగి నెలకొనెను. 1822లో రాజధానియందలి బడుల లెక్క తీయించెను. 12,498 బడులలో 1,88,650 మంది చదువుచున్నట్లు తేలెను. ప్రతి జిల్లాలోను, ప్రతి తాలూకాలోను సర్కారు బడి యుండవలెనని 1826లో నిర్ణయించెను. పత్రికలకు స్వేచ్ఛ నిచ్చుట కాయన యిష్టపడలేదు. ఈ విషయమున ఆయన పరరాజ్యపు టధికారియే. పదవి విడిచి పోదలచిన తరుణమున 1824లో బర్మా యుద్ధము వచ్చెను. రంగూనులో దిగిన సేనకు వానలు, జబ్బులు. ఊరివా రూళ్లు విడిచి పారిపోవుటచే తిండి లేదు. ముసలితనమున మన్రోకు మరల అదే పని: బియ్యము, పశువులు, ఓడలు. అందులకు 1825లో బిరుదు నిచ్చిరి.

పోవుటకు ముందు దత్తమండలముల నొకసారి చూచి రావలెనని 1827 మే చివర చెన్నపట్టణమునుండి బయలుదేరెను. భార్య జబ్బుపడిన బిడ్డతో అంతకు ముందే స్వదేశమునకు పోయియుండెను. గుత్తిలో విడిదియందు కలరా ప్రవేశించెను. జులై 6వ తేదీ ఉదయమున దండు పత్తికొండ చేరెను. ఆ పగలే ఆయనకు రోగము తగిలెను. ఆ రాత్రియే మరణించెను. శరీరమును గుత్తికి తెచ్చి కోటకొండ క్రింద పాతిపెట్టిరి. 1831లో చెన్నపట్టణపు కోటలోని చర్చికి తరలించిరి.

ఆయన పేర నిలిచిన కథలు పెక్కు. మఠపు మాన్యముల విచారణకై మంత్రాలయము పోయినపుడు రాఘవేంద్రస్వామి ఆయనకు కనబడి మాటలాడెనని భక్తులు చెప్పుకొందురు. కడప జిల్లాలోని గండి యొద్ద పాపఘ్ని నదిపై కొండల నడుమ బంగారు తోరణ మాయనకు కనబడినదనియు, దానిని చూచినవారు ఎక్కువ కాలము బ్రదుకరనియు మరియొక కథ. తిరుమలలో మన్రో గంగాళమను పేరున్నది. దత్తమండలముల తల్లులు కొందరు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టిరి.

చెన్నపట్టణమున 1839లో నెలకొల్పిన ఆయన విగ్రహము గుఱ్ఱముపై నున్నది. దానికి జీనులేదు, రికాబులు లేవు. గుత్తిలో ఆయన పేర సత్రము వెలసెను. పత్తికొండలో మరణించిన చోట సర్కారువారు చెట్లతోపు నాటించి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి.